జాడీలోని ఉప్పు, కంచములోని ఉప్పు

గడచిన సార్వా నాట్లకాలమున మా సంఘ సభ్యుడొకని పొలమున వరుసనాటు చూపుటకై వెళ్లియుంటిమి. మధ్యాహ్నమున పని నిలిపి అందఱును గట్టుమీది చింతచెట్టు నీడకు చేరి గిన్నెలు తెఱచిరి. కొందఱు చద్దియన్నములో మజ్జిగ పోసికొని ఆవకాయ నంజుకొనుచుండిరి. కొందఱు పప్పన్నములో మాగాయ కలుపుకొని ప్రక్కన రెండేసి అప్పడములు పెట్టుకొనిరి. ఇద్దఱు వంకాయతో వండిన ఎండుచేపల కూర తెచ్చుకొనిరి. మట్టి నమూనాలు తూచుటకు మేము తీసికొనిపోవు చిన్న త్రాసు మాయొద్ద నుండెను. ఒక సభ్యుని యనుమతితో త్రాసులో శుభ్రమైన విస్తరాకు ముక్క వేసి, ఆతడు ఆ పూటకు తెచ్చుకొన్న ఆవకాయను తూచితిమి. 46 గ్రాములు తూగెను. అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. కాని అందులో ఉప్పెంత యున్నదో లెక్కవేసి చెప్పిన పిమ్మట నవ్వు కొంత తగ్గెను.

ఆ పొలమునకు తూర్పుగట్టు ఆవలి భూమి మఱియొక సభ్యునిది. ఆయన వయస్సు 50 దాటినది. మూడేండ్ల క్రిందట కోతలనాటి ఉదయమున కొడవలి తీయబోగా ఆయన కుడిచేయి లేవలేదు, మాట తడబడెను. వైద్యులు పక్షవాతమని చెప్పిరి. అంతకు మునుపు ఆయన ఒక్కనాడైనను రక్తపోటు చూపించుకొని యెఱుగడు. నేడు సగము భూమి కౌలునకు పోయినది. మిగిలిన సగము కుమారుడు చేయుచున్నాడు. సంఘములోని అప్పు వాయిదా దాటినది. ఒక్క ఉప్పే ఇంత పని చేసెనని మేము చెప్పజాలము. చుట్ట, మద్యము, వయస్సు, వంశము మొదలగు కారణములు పెక్కు గలవు. అయినను ఆ కారణములలో పైసా ఖర్చు లేక, రేపటినుండియే తగ్గింపదగినది ఉప్పు. అందుచే ఈ నెల విత్తనములను, ఎరువులను కొంచెము ప్రక్కకు పెట్టి ఉప్పును గూర్చి వ్రాయుచున్నాము.

ఉప్పు చేయు పని యొక్కటే

ఉప్పు గుణము రైతునకు క్రొత్త గాదు. చౌడునేలలో నీరు పెట్టినను పైరు వాడుటను మనము చూచుచున్నాము. నేలలో నీరు లేక కాదు. అందు కరగియున్న ఉప్పు ఆ నీటిని తనవైపు పట్టుకొని వేరులకు విడువదు. ఉప్పు ఎక్కువగా నున్న దిక్కునకు నీరు లాగబడును. ఇదియే మూలసూత్రము.

జాడీలో జరుగునదియు నిదియే. మామిడిముక్కకు ఉప్పు పట్టించినంతనే ముక్కలోని నీరు వెలికి వచ్చి ఊట యగును. ముక్కను కుళ్లజేయు సూక్ష్మక్రిములకును నీరు కావలయును. ఉప్పు వానియందలి నీటిని సయితము లాగివేయుటచే అవి పెరుగజాలవు. ఈ కారణముచేతనే వేసవిలో పెట్టిన ఆవకాయ మరుసటి వేసవి వఱకు చెడక నిలుచును. కనుక జాడీలోని ఉప్పు రుచికొఱకు మాత్రమే కాదు, అది కావలివాడు. మన పెద్దలు చలువపెట్టెలు లేని కాలమున ఈ కావలివానిని నమ్ముకొని కాపు కాచిన నెలలోని కాయను కాపు లేని నెలలకు దాచుకొనిరి. సముద్రతీరమున పట్టిన చేపను ఉప్పుచేసి లోనాడులకు పంపిరి. ఇది గొప్ప తెలివి. పేదవాని ఉప్పుపై పన్ను కూడదని 1930లో దేశమంతట సత్యాగ్రహము నడచి వేలమంది చెరసాలకు పోయిరి. అట్టి ఉప్పును శత్రువని చెప్పుట మా యుద్దేశము గాదు.

అయితే కావలివాని పని జాడీతో తీరినది. కాయను కంచములోనికి తీసినప్పుడు ఆతడును వెంట వచ్చుచున్నాడు. కంచములో కాచవలసిన దేదియు లేదు. అక్కడనుండి ఆతని భారము తినువాని దేహముపై పడుచున్నది.

దేహములో నేమి జరుగును?

ఉప్పు రక్తములో చేరగానే అక్కడను నీటిని పట్టుకొనును. దాహమై నీరు త్రాగుదుము. మిగులు ఉప్పును, నీటిని వెలికి పంపుట మూత్రపిండముల పని. చేనికి మురుగుకాలువ యెట్టిదో దేహమునకు మూత్రపిండము లట్టివి. దినదినము కాలువ మోయగలదానికంటె ఎక్కువ భారము వచ్చినచో రక్తనాళములలో నిండుదనము హెచ్చి, గోడలపై ఒత్తిడి పెరుగును. దీనినే రక్తపోటు అందురు. వరదనీరు గట్టును ఒక్కనాట తెంపదు. గట్టు నానినాని ఎక్కడ బలహీనమో అక్కడ గండి పడును. రక్తనాళములును అట్లే ఏండ్ల తరబడి ఒత్తిడికి లోనై గట్టిపడి చెడిపోవును. మెదడులోని నాళము పగిలినను, పూడినను పక్షవాతము. గుండె నాళము పూడిన గుండెపోటు. మూత్రపిండములలోని సన్నని నాళములు చెడిన అవియు క్రమముగా పని మానును.

రక్తపోటునకు నొప్పి లేదు. తలనొప్పి లేదు గనుక రక్తపోటు లేదనుకొనుట పెద్ద పొరపాటు. కొలిచి చూచిననే తెలియును. పలుమాఱులు కొలిచినను పై అంకె 140గాని, క్రింది అంకె 90గాని, అంతకు మించిగాని యున్నచో వైద్యుని చూడవలయును.

ఉప్పు తగ్గించినచో రక్తపోటు తగ్గునను మాట ఊహ గాదు. 2001లో అమెరికాలో 412 మందికి ఉప్పు మూడు మోతాదులలో నున్న భోజనములు పెట్టి చూచిరి. ఉప్పు మెట్టుమెట్టుగా తగ్గినకొలదియు రక్తపోటును మెట్టుమెట్టుగా తగ్గెను.

ఎంత తగును? ఎంత తినుచున్నాము?

పెద్దవారికి దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూత్రములును 5 గ్రాములు దాటవలదనియే చెప్పినవి. 5 గ్రాములనగా టీ చెంచాకు కొంచెము తక్కువ. మన పాత తూకమున అరతులమునకు కొంచెము తక్కువ. ఇది కూరలో వేసినది మాత్రమే కాదు. పచ్చడి, ఊఱగాయ, అప్పడము, మజ్జిగ, అంగడి తినుబండారము అన్నిటిలోనిదియు కలిపి.

2017లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఢిల్లీ, హర్యానా ప్రాంతములవారు దినమునకు సుమారు 8.6 గ్రాములు, ఆంధ్ర ప్రదేశమువారు సుమారు 9.5 గ్రాములు ఉప్పు తినుచున్నట్లు తేలెను. తగినదానికి మనది ఇంచుమించు రెట్టింపు.

ఇప్పుడు చింతచెట్టు క్రింది లెక్కకు వత్తము. ఒక కిలో మామిడిముక్కలకు 200 గ్రాముల ఆవపిండి, 200 గ్రాముల కారము, 200 గ్రాముల ఉప్పు, 400 గ్రాముల నూనె వేసితిమనుకొందము. మొత్తము 2 కిలోలు. అందు ఉప్పు పదియవ పాలు. కనుక 46 గ్రాముల ఆవకాయలో 4.6 గ్రాముల ఉప్పు. ఆ సభ్యుడు మధ్యాహ్నపు పూట ఒక్క ఆవకాయతోనే దినపు ఉప్పును దాదాపుగా తినివేసెను. ఉదయపు ఇడ్లీ చట్నీ, రాత్రి కూర, పులుసు అన్నియు మిగులే.

ఇంటి పద్దు

ఈ విషయమున సంఘ సభ్యులకు ఒక సౌకర్యము కలదు. ఇంటికి కొనిన సరుకుల పద్దు మనయొద్ద నుండును. దానినిబట్టి ఎవరి లెక్క వారు చూచుకొనవచ్చును.

ఐదుగురు పెద్దవారున్న ఇంటిని తీసికొందము. మనిషికి దినమునకు 5 గ్రాముల వంతున నెలకు 750 గ్రాములు, సంవత్సరమునకు ఇంచుమించు 9 కిలోల ఉప్పు చాలవలయును. ఆ యింట నెలకొక కిలో పొట్లము చొప్పున వంటకు 12 కిలోలు, వేసవిలో ఊఱగాయలకు 4 కిలోలు కొనిరనుకొందము. మొత్తము 16 కిలోలు. మనిషికి దినమునకు 8.8 గ్రాములు పడుచున్నది. ఎండుచేపలతోను, మిక్చరు పొట్లములతోను వచ్చిన ఉప్పు దీనికి బయట. ఊఱగాయలు చుట్టములకు పంపినను, పశువులకు ఉప్పు పెట్టినను అంతమేరకు తీసివేసికొనవలయును. పిల్లలకు పెద్దవారికంటెను తక్కువయే చాలును.

ఈ లెక్క ఒక సంవత్సరము వేసినచో ఎక్కడ తగ్గింపవలయునో దానంతటదియే కనబడును. ఎరువు మోతాదు చూడక చల్లినవానికి పంట దక్కదని చెప్పు మనము, ఇంటిలో మాత్రము మోతాదు చూడక చల్లుట తగునా?

జాడీని ముట్టవలదు, కంచమును చూడుడు

ఈ మాటలు విన్న కొందఱు ఉత్సాహవంతులు ఈ యేడు ఆవకాయలో ఉప్పు సగము చేసెదమందురేమో! అది కూడదు. జాడీలో ఉప్పు తగ్గినచో కావలి తగ్గును. పచ్చడి బూజుపట్టి పులిసి చెడును. పెట్టుబడియు, ఆడువారి శ్రమయు మట్టిపాలగును. చెడినదానిని తిన్న కడుపు చెడును. ఏడాది నిలువచేయు ఊఱగాయకు ఇంటి పెద్దలు వేయు ఉప్పు వేయవలసినదే. తక్కువ ఉప్పుతో కావలయునన్నచో కొద్దిగా పెట్టి, చలువపెట్టెలో నుంచి, కొలదిదినములలో ముగించుకొనవలయును.

తగ్గింపవలసినది కంచములో. మార్గములు ఇవి:

1. నిమ్మకాయంత ఊఱగాయ వేసికొనువారు ఉసిరికాయంతకు, ఉసిరికాయంత వేసికొనువారు చింతగింజంతకు దిగవలయును. జాడీనుండి గరిటెతో గాక చిన్న చెంచాతో తీయుట మంచిది. చెంచా పొడిగా నుండవలయును.

2. ఊఱగాయయున్న పూట తక్కిన వంటలలో ఉప్పు తగ్గింపవలయును. ఆవకాయ నంజుకొను మజ్జిగన్నములో వేఱుగా ఉప్పు వేసికొన నక్కఱలేదు. ముద్దపప్పును ఉప్పు లేకయే వండి ఊఱగాయతో కలుపుకొన్న రుచి చెడదు.

3. ఒక పూటకు ఒక్క ఉప్పు సరుకే యుండవలయును. ఊఱగాయ యున్న అప్పడము వలదు. ఎండుచేప యున్న ఊఱగాయ వలదు.

4. వారములో సగము దినములైనను నిలువ పచ్చడికి మాఱుగా రోటిపచ్చడి చేసికొనవలయును. దోసకాయ, బీరకాయ, వంకాయ, గోంగూర, కొత్తిమీర ఏదైనను సరే. ఆ పూటకు నూఱి ఆ పూటకే తినుదానికి కావలివాడు వలదు గనుక రుచికి చిటికెడు ఉప్పు చాలును. చింతపండు, నిమ్మరసము, వెల్లుల్లి, జీలకఱ్ఱ, పచ్చిమిరప ఉప్పు లోటును చాలవఱకు తీర్చును. చద్దియన్నమునకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తోడు చాలునని మన తాతలకు తెలియును.

5. భోజనపు వేళ ఉప్పుగిన్నెను దగ్గఱ పెట్టుకొనవలదు. విందులలో విస్తరి మూలను మొదట ఉప్పు వడ్డించుట మర్యాదయే. వడ్డించినదంతయు తినవలయునని లేదు.

ఈ ఐదింటిని పాటించుటకు మగవారి సాయము ముఖ్యము. ఉప్పు తగ్గించి వండిన యిల్లాలిని మొదటి ముద్దకే "చప్పగా నున్నది" అని విసుగుకొన్నచో మఱునాడు పాతకొలతయే తిరిగివచ్చును. నాలుక అలవాటుపడు వస్తువు. కొంచెము కొంచెముగా తగ్గించినచో కొన్ని వారములలో అదియే రుచి యగును. ఆవకాయ తూచి చూపిన సభ్యుడు కలుపుతీత నాడు మమ్ము పిలిచి మరల తూచుమనెను. ఈ సారి 18 గ్రాములు తూగెను. రుచి తగ్గలేదా యని యడుగగా, మొదటి పదిదినములు తగ్గెననియు, ఇప్పుడు పాతమోతాదు వేసికొన్నచో నోరు కటువగుచున్నదనియు చెప్పెను.

ఎండుచేపలు

ఉప్పుచేసి యెండబెట్టిన చేపలలో బరువున నూటికి 10 మొదలు 20 పాళ్ల వఱకును ఉప్పుండును. 50 గ్రాముల ఉప్పుచేప తిన్నచో ఒక దినపు ఉప్పంతయు వచ్చుననుట అతిశయోక్తి గాదు. అయినను ఎండుచేప పేదవానికి మంచి మాంసకృత్తుల నిచ్చు ఆహారము. దానిని మానుమని చెప్పము. విధము మార్చుమని చెప్పుచున్నాము.

ముక్కలను మొదట ఇసుక పోవునట్లు కడిగి, నిండు నీటిలో అరగంట మొదలు గంటవఱకు నానబెట్టి, నడుమ రెండుమాఱులు నీరు మార్చవలయును. ఆ నీటిని పాఱబోయవలయును, పులుసులో పోయరాదు. జాడీలో ఊట వచ్చిన సూత్రమే ఇక్కడ తిరుగబడును: ముక్కలోని ఉప్పు మంచినీటిలోనికి దిగును. చౌడునేలకు మంచినీరు పెట్టి కడిగి మురుగు తీయునట్టిదే ఈ పని. నానిన ముక్కలను వెంటనే వండవలయును. వేడిదినములలో నిలువ యుంచరాదు. కూరలో వేఱుగా ఉప్పు వేయక, వంకాయ, ములగకాడ, దోసకాయలలో నొకటి హెచ్చుగా చేర్చి వండినచో ఉప్పు కూరగాయలకు పంచుకొనబడును. చివర రుచి చూచి అవసరమైననే చిటికెడు వేయవలయును.

నెత్తళ్లవంటి చిన్నచేపలను ఉప్పు లేకయే ఎండబెట్టుటయు కలదు. సంతలో కొనునప్పుడు ఉప్పుచేసినదో, వట్టి ఎండుదో అడిగి తీసికొనవలయును.

అప్పడములు, వడియములు, ఊఱమిరపకాయలు

అప్పడమున ఉప్పు మాత్రమే గాక సోడాకారమును వేయుదురు. అదియు ఉప్పులోని సోడియమును చేర్చును. పది గ్రాముల అప్పడములో అరగ్రాము ఉప్పునకు దగ్గఱగా నుండును. నాలుగు నమలినచో రెండు గ్రాములు.

వడియముల విషయమున ఒక చిక్కు కలదు. పిండిని ఉడికించి గంజి పలుచగా నున్నప్పుడు రుచి చూచి ఉప్పు సరిపడినదని మెచ్చుకొందుము. ఎండలో నీరు పోవును, ఉప్పు పోదు. కావున ఎండిన వడియము గంజికంటె ఎన్నియో రెట్లు ఉప్పనగును. అనుభవము గల పెద్దముత్తైదువలు గంజి చప్పగా నున్నప్పుడే చాలునందురు. వారి మాట వినవలయును. ఇక్కడ మఱియొక మేలు గలదు: వడియమును కాచునది ఉప్పు గాదు, ఎండ. బాగుగా నెండి గాలి చొరని డబ్బాలో నున్న వడియము ఉప్పు సగము వేసినను చెడదు. కనుక ఊఱగాయలో చేయరాని పని వడియములో నిశ్చింతగా చేయవచ్చును. ఊఱమిరపకాయలు మాత్రము ఉప్పుమజ్జిగలో దినములతరబడి నానునవి, ఒకటితో తృప్తిపడవలయును.

అంగడి పొట్లములు

నేడు పల్లెయంగడిలోను మిక్చరు, చిప్సు, బిస్కత్తులు, నూడిల్సు పొట్లములు వ్రేలాడుచున్నవి. బడికి పోవు పిల్లలు మొదట వానినే కోరుదురు. పొట్లము వెనుక "సోడియం" అని మిల్లీగ్రాములలో అంకె ముద్రించియుందురు. అది ఉప్పు గాదు, ఉప్పులోని యొక భాగము. ఆ అంకెను రెండున్నరచే హెచ్చించినచో ఉప్పు తేలును. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని యున్నచో 2 గ్రాముల ఉప్పున్నదని యర్థము. బిస్కత్తులు తియ్యగా నుండుటచే వానిలో ఉప్పు లేదనుకొనరాదు.

చదువులకును, ఉద్యోగములకును అమెరికా వెళ్లిన మన పిల్లలకు ఈ ప్రమాదము వేఱురూపమున నెదురగును. అక్కడ పనికి పోవువారు మధ్యాహ్నమునకు రొట్టెముక్కల నడుమ హామ్, సలామి, టర్కీకోడి వంటి ఉప్పు పట్టించిన మాంసపు పలుచని ముక్కలను పెట్టుకొని పోవుదురు. అదియు చలువపెట్టెలు లేని కాలమున మాంసము నిలువజేయుటకు పుట్టిన విద్యయే; మన జాడీకి అది చుట్టము. అట్టి మాంసము 50, 60 గ్రాములలోనే తఱచుగా గ్రామునకు మించి ఉప్పుండును. రొట్టెలోని ఉప్పును, జున్నులోని ఉప్పును వేఱు. ఇంటివారు ఉత్తరము వ్రాసినను, ఫోనున మాటలాడినను వారికి చెప్పవలసిన దిది: నిలువ మాంసమునకు మాఱుగా ఇంట ఉడికించిన కోడిమాంసమునో, గ్రుడ్డునో రొట్టెలో పెట్టుకొనుడు, కొనక తప్పనప్పుడు పొట్లముపై సోడియం తక్కువ యున్నదానిని ఏరుకొని, మూడు ముక్కలకు ఒకటి వేసి తక్కినచోట దోసకాయ, టొమాటో నింపుడు. దేశము మారినను సూత్రము మారదు.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

"ఎండలో చెమటోడ్చు రైతునకు ఉప్పు వలదా?" అని పలువురు అడిగిరి. చెమటలో ఉప్పు పోవుట నిజము. అయితే ఎండపనికి అలవాటుపడిన దేహము చెమటలో ఉప్పును తక్కువగా విడిచి పొదుపు చేసికొనును. సాధారణ దినములలో భోజనములోని ఉప్పే చాలును. పోయిన నీటికి నీరు త్రాగవలయును. మండువేసవిలో దినమంతయు చెమటకారు పని చేసిననాడు చిటికెడు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ గాని, ఓ.ఆర్.ఎస్. గాని త్రాగుట మంచిదే. అంతేగాని దానిని సాకుగా చేసికొని ఏడాది పొడవునను గరిటెడు ఆవకాయ తినుట సరిగాదు. రక్తపోటు, గుండెజబ్బు గలవారు ఆ మజ్జిగను సయితము వైద్యుని అడిగియే త్రాగవలయును.

"మా తాత ఇంతకంటె ఎక్కువ తిని ఎనుబదియేండ్లు బ్రతికెను" అని మఱియొకరు చెప్పిరి. బ్రతికినవారిని మనము చూచితిమి. నలువదియేండ్లకు గట్టుమీద కూలినవానికి గాలి సోకినదని చెప్పి ఊరకుండిరి. నాడు రక్తపోటు చూచు సాధనము ఊరిలో లేదు. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా చూచుచున్నారు.

"సైంధవ లవణము వాడవచ్చునా?" అదియు ఉప్పే. కల్లుప్పైనను, మెత్తనియుప్పైనను, సైంధవమైనను సోడియమే ముఖ్యభాగము. రంగు మారినంతమాత్రమున భారము తగ్గదు. వేసికొను కొద్దియుప్పు అయొడిను కలిసినదై యుండుట మేలు.

"సోడియం తక్కువ ఉప్పని అమ్ముచున్నారు, అది మంచిదా?" ఇది మంచి ప్రశ్న. చైనాదేశమున 600 పల్లెలలో ఇంచుమించు 21,000 మందితో ఒక పెద్ద పరీక్ష జరిపి, ఫలితమును 2021లో ప్రకటించిరి. వారు పక్షవాతము ఒకమాఱు వచ్చినవారు, లేక 60 ఏండ్లు నిండి రక్తపోటు గలవారు. సగము పల్లెలకు మామూలు ఉప్పును, సగము పల్లెలకు నాలుగింట ఒక పాలు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పును వాడించిరి. దాదాపు ఐదేండ్లలో క్రొత్తయుప్పు వాడిన పల్లెలలో పక్షవాతము నూటికి 14 పాళ్లు తక్కువయయ్యెను, మరణములును తగ్గెను. మనవంటి పల్లెవారిలోనే ఈ మేలు కనబడుట గమనింపదగినది. అయితే మూత్రపిండములు చెడినవారి దేహము పొటాషియమును వెలికి పంపజాలదు. వారికి అది గుండె నిలిచిపోవు ప్రమాదము. రక్తపోటునకు వాడు కొన్ని మందులును పొటాషియమును నిలుపును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమువలె మూత్రపిండవ్యాధి విస్తారముగా నున్న ప్రాంతములలో వైద్యుని అడుగక ఈ యుప్పును ఇంటికి తేనేకూడదు. తక్కినచోట్లను మందులు వాడువారు అడిగియే కొనవలయును. జాడీలోని కంచములోనికి తక్కువ తీయుటకు మాత్రము ఎవరి యనుమతియు నక్కఱలేదు.

ఒక హెచ్చరిక. ఉప్పు తగ్గించితిమని రక్తపోటు మందులను ఎవరును తమంతట మానరాదు. మందు తగ్గించుట, మానుట వైద్యుని పని.

మనవి

సభ్యులందఱును ఈ నెల మూడు పనులు చేయవలయునని కోరుచున్నాము. ఒకటి, ఇంటి పద్దు తీసి నిరుడు ఎన్ని కిలోల ఉప్పు కొంటిరో కూడి, ఇంటిలోని పెద్దవారి సంఖ్యతోను, 365తోను భాగించి చూచుకొనుట. రెండు, 30 ఏండ్లు దాటిన ప్రతివారును, స్త్రీలును పురుషులును, రక్తపోటు చూపించుకొనుట. మూడు, కంచములోని ఊఱగాయను ఇప్పటిదానిలో సగమునకు దింపుట. వచ్చు సర్వసభ్య సమావేశమునకు మా చిన్న త్రాసును తెచ్చెదము. కోరినవారు తమ యింటి ఊఱగాయ మోతాదును తూచి చూచుకొనవచ్చును.

భూమి దున్నుటకు, నీరు కట్టుటకు, కోతకు, నూర్పునకు మనిషి చేయియే ఆధారము. ఆ చేయి ఒక ఉదయమున లేవకపోయినచో సంఘము అప్పు ఇయ్యగలదు గాని చేతిని ఇయ్యలేదు. తూర్పుగట్టు సభ్యుడు ఇటీవల సంఘ కార్యాలయమునకు వచ్చి ఎడమచేతితో సంతకము నేర్చుకొని వాయిదా పొడిగింపు పత్రముపై వ్రాసెను. మఱియొకరికి అట్టి సంతకము చేయవలసిన అగత్యము కలుగకుండుగాక యని కోరుచు, ఇంతటితో ముగించుచున్నాము.